ముందొచ్చినా నష్టమే, వెనకొచ్చినా నష్టమే: రోజుల తరబడి సాగే కార్ల ర్యాలీలో జట్టు లెక్కలు

తలుపుల మీద అంకెలు, బానెట్ల మీద స్టిక్కర్లు అంటించుకున్న కార్లు జాతీయ రహదారి మీద ఒకదాని వెనక ఒకటి సాగిపోతుంటే, మంగళగిరి దగ్గర టీ కొట్టు ముందు నిలబడ్డవారైనా, నరసరావుపేటలో బస్సు కోసం చూస్తున్నవారైనా మొదట అడిగేది ఒకటే: "ఎవరు ముందున్నారు?" ఆ ప్రశ్నకు ఆ రోడ్డు మీద జవాబు దొరకదు. అందరికంటే ముందు కనిపించిన కారు పట్టికలో పంతొమ్మిదో స్థానంలో ఉండవచ్చు. అరగంట తరువాత ఏ హడావుడీ లేకుండా, వెనక హారన్ కొడుతున్న లారీకి దారిచ్చి మరీ వెళ్లిన చిన్న కారు మొదటి స్థానంలో ఉండవచ్చు. సాయంత్రం ఫలితాలు చూసినవారికి ఇది మరింత వింతగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ వేగం అన్న గడే ఉండదు. ఎవరెన్ని సెకన్లు తప్పారన్నదే ఉంటుంది. మూడు నాలుగు రోజులు సాగే పోటీలో, అందునా రెండు మూడు కార్లు కలిసి ఒక జట్టుగా దిగినప్పుడు, ఈ లెక్క ఇంకా చిక్కుపడుతుంది.

రేసు, స్టేజ్ ర్యాలీ, టీఎస్‌డీ ర్యాలీ

రేసులో కార్లన్నీ ఒకే ట్రాకు మీద కలిసి బయలుదేరతాయి, ముందు గీత దాటినవారు గెలుస్తారు. స్టేజ్ ర్యాలీ పద్ధతి వేరు. అందులో కార్లు కొద్ది నిమిషాల ఎడంతో ఒక్కొక్కటిగా బయలుదేరి, ఇతర వాహనాలు రాకుండా మూసేసిన రోడ్డు భాగాల మీద వీలైనంత వేగంగా వెళ్తాయి. ఆ భాగాలను స్పెషల్ స్టేజీలంటారు. ఒక స్టేజీ నుంచి మరో స్టేజీకి మాత్రం మామూలు రోడ్డు మీద, అందరిలాగే ట్రాఫిక్ నిబంధనలు పాటిస్తూ వెళ్లాలి. 1973లో మొదలైన ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ ఈ తరహా పోటీయే. 2019లో అర్జున అవార్డు అందుకుని, మోటార్ క్రీడల నుంచి ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడైన గౌరవ్ గిల్ పేరు తెచ్చుకున్నదీ ఇలాంటి స్టేజ్ ర్యాలీల్లోనే.

మన రోడ్ల మీద సామాన్యులు తమ సొంత కార్లతో పాల్గొనగలిగేది మూడో రకం. దీన్ని టైమ్, స్పీడ్, డిస్టెన్స్ అనే మూడు మాటల మొదటి అక్షరాలతో టీఎస్‌డీ ర్యాలీ అంటారు. ఇందులో రోడ్డు మూయరు. నిర్వాహకులు దారి చెబుతారు, ఏ భాగంలో గంటకు ఎన్ని కిలోమీటర్ల సగటుతో వెళ్లాలో చెబుతారు. ఆ సగటును ఎవరు కచ్చితంగా నిలబెట్టుకున్నారో దారి పొడవునా కొన్ని చోట్ల గడియారం పెట్టి చూస్తారు. ఆ చోట్లను టైమ్ కంట్రోళ్లు లేదా టీసీలు అంటారు. చాలా పోటీల్లో అవి ఎక్కడున్నాయో పోటీదారులకు ముందుగా చెప్పరు. మలుపు తిరగగానే చెట్టు కింద బల్ల, గడియారం, జెండా పట్టుకున్న మార్షల్ కనిపించినప్పుడే టీసీ వచ్చిందని తెలుస్తుంది. దేశంలో ఈ పోటీల నియమాలు, పోటీదారుల లైసెన్సులు చూసేది చెన్నై కేంద్రంగా పనిచేసే భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య, ఎఫ్‌ఎంఎస్‌సీఐ. అంతర్జాతీయ స్థాయిలో ఆ బాధ్యత 1904లో ఏర్పడ్డ అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, ఎఫ్‌ఐఏది.

ఈ వ్యాసం ప్రధానంగా ఈ మూడో రకం గురించే.

స్టీరింగ్ ఒకరిది, గడియారం ఒకరిది

ర్యాలీలో అతి చిన్న జట్టు ఒక కారులోని ఇద్దరు మనుషులు: డ్రైవరు, నావిగేటరు. స్టేజ్ ర్యాలీలో రెండోవారిని కో-డ్రైవర్ అంటారు. బయటివారి దృష్టి ఎప్పుడూ డ్రైవరు మీదే ఉంటుంది కానీ, టీఎస్‌డీలో ఎక్కువ పాయింట్లు పోయేదీ మిగిలేదీ ఎడమ సీట్లోనే.

నావిగేటరు ఒళ్లో ఉండేది రోడ్ బుక్. అందులో ఒక్కో వరుస ఒక్కో మలుపుకో గుర్తుకో సంబంధించింది. మొదటి గడిలో బయలుదేరిన చోటు నుంచి అక్కడికి మొత్తం దూరం, పక్కన గత గుర్తు నుంచి దూరం, మధ్యలో చిన్న బొమ్మ, చివర ఒకటి రెండు మాటల సూచన ఉంటాయి. బొమ్మలో చుక్క ఉన్న కొస నుంచి మనం వస్తాం, బాణం ఉన్న కొస వైపు వెళ్తాం. నెదర్లాండ్స్‌లో 1949లో మొదలైన ట్యూలిప్ ర్యాలీ నుంచి వ్యాపించింది కాబట్టి ఈ బొమ్మను ప్రపంచమంతా ట్యూలిప్ అనే పిలుస్తారు. దాటిన వరుసను నావిగేటరు వెంటనే పెన్సిల్‌తో కొట్టేస్తాడు. గతుకులో ఎగిరిపడి కళ్లు చెదిరినప్పుడు మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది ఆ కొట్టేసిన గీతే. పెన్సిల్ సీటు కిందికి దొర్లిపోతే వెతుక్కునే తీరిక ఉండదు కాబట్టి దాన్ని దారంతో అట్టకు కట్టుకునేవారే ఎక్కువ.

కారులో వినపడే మాటలు కూడా పొదుపుగానే ఉంటాయి. బావా బావమరుదులు జంటగా దిగారనుకుంటే, "బావా, మూడు సెకన్లు వెనకున్నాం", "ఎంతలో మలుపు?", "రెండొందల మీటర్లు, కుడి, గుడి పక్కన" అంతే. "కొంచెం తొందరగా పో" అన్నది పనికొచ్చే మాట కాదు. ఎన్ని సెకన్లు, ఎంత దూరంలో సర్దుకోవాలి అన్నదే డ్రైవరుకు కావాలి.

ఈ శ్రమ విభజన విలువ ఏమిటో ప్రపంచానికి తెలిసింది నిజానికి ఒక రేసులో. 1955లో ఇటలీలో వెయ్యి మైళ్ల మిల్లే మిల్యాలో స్టిర్లింగ్ మాస్ కారు నడుపుతుంటే, పక్కన కూర్చున్న పాత్రికేయుడు డెనిస్ జెంకిన్సన్ ముందుగా రాసి పెట్టుకున్న దారి వివరాలను సుమారు ఐదున్నర మీటర్ల కాగితపు చుట్ట నుంచి చదువుతూ, ఇంజిన్ హోరులో మాట వినపడదు కాబట్టి చేతి సైగలతో చెబుతూ పోయాడు. వారు 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో, గంటకు దాదాపు 157 కిలోమీటర్ల సగటుతో గెలిచారు. నేటి స్టేజ్ ర్యాలీల్లో కో-డ్రైవర్ చదివి వినిపించే దారి వివరాలైన పేస్ నోట్స్‌కు ఆ చుట్టను పెద్ద పూర్వీకురాలిగా చెప్పుకోవచ్చు.

నరసరావుపేట దాటాక ఒక సెక్షన్: సెకన్ల లెక్క

ఊహించుకున్న ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. విజయవాడలో మొదలైన పోటీ మొదటి రోజున నరసరావుపేట దాటి పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల వైపు వెళ్తోంది. నరసరావుపేట బయట ఒక సెక్షన్, అంటే సమయం లెక్కించే దారి భాగం, మొదలవుతుంది. కార్లు నిమిషానికి ఒకటి చొప్పున బయలుదేరతాయి. లెక్క మొదలయ్యే సున్నా సమయం ఉదయం 7 గంటలు కనుక 14వ నంబరు కారు 7 గంటల 14 నిమిషాలకు కదులుతుంది. రోడ్ బుక్ ప్రకారం మొదటి 12.60 కిలోమీటర్లు గంటకు 45 సగటుతో, తరువాతి 8.40 కిలోమీటర్లు 36తో, ఆపై 15 కిలోమీటర్లు 40తో వెళ్లాలి.

అనుభవమున్న నావిగేటర్లు గంటకు ఇన్ని కిలోమీటర్లని ఆలోచించరు, కిలోమీటరుకు ఇన్ని సెకన్లని ఆలోచిస్తారు. 3,600ను వేగంతో భాగిస్తే అది వస్తుంది: 45కు 80 సెకన్లు, 36కు 100, 40కు 90. ఇలా మార్చుకుంటే మిగిలినదంతా నోటి లెక్కే. మొదటి భాగానికి 1,008 సెకన్లు, రెండో భాగానికి 840, మూడో భాగానికి 1,350. మొత్తం 53 నిమిషాల 18 సెకన్లు.

ఇప్పుడు సరిగ్గా 20వ కిలోమీటరు దగ్గర, సున్నపు రాయి లారీలు వరుసగా వచ్చే చోట, ఒక టీసీ ఉందనుకుందాం. అక్కడికి మొదటి భాగం 1,008 సెకన్లు, రెండో భాగంలో 7.40 కిలోమీటర్లకు 740 సెకన్లు, వెరసి 1,748 సెకన్లు, అంటే 29 నిమిషాల 8 సెకన్లు. 14వ కారు అక్కడికి 7 గంటల 43 నిమిషాల 8 సెకన్లకు చేరాలి. చాలా పోటీల్లో ఆలస్యానికి ఒక లెక్క, ముందు రావడానికి దానికి రెట్టింపు లెక్క ఉంటుంది. ఇక్కడ ఆలస్యానికి సెకనుకు 1 పెనాల్టీ పాయింటు, ముందు వస్తే సెకనుకు 2 అనుకుందాం. చివరికి ఈ పాయింట్లు తక్కువున్నవారే గెలుస్తారు. లారీ వెనక చిక్కుకుని 7:43:50కి వచ్చిన కారుకు 42 పెనాల్టీ పాయింట్లు. రోడ్డు ఖాళీగా ఉందని కాస్త ఉత్సాహపడి 7:42:47కే వచ్చిన కారుకూ 42 పాయింట్లే. మొదటివారు తప్పిన సెకన్లు 42, రెండోవారు తప్పినవి 21.

ఇక్కడ మరో మెలిక ఉంది. కొన్ని పోటీల్లో టీసీకి చేరిన సమయం నుంచే తరువాతి భాగం గడియారం మొదలవుతుంది, పాత ఆలస్యం అక్కడితో తీరిపోతుంది. మరికొన్నింటిలో పాత ఆలస్యం అలాగే వెంట వస్తుంది, పూడ్చుకునే వరకు ప్రతి టీసీలోనూ దాని పెనాల్టీ పడుతూనే ఉంటుంది. ఒకే తప్పుకు మొదటి పద్ధతిలో 42 పాయింట్లు పోతే, రెండో పద్ధతిలో మూడు నాలుగు రెట్లు పోవచ్చు. అందుకే పోటీ ముందు రోజు ఇచ్చే నియమావళిని చదవకుండా పాత అనుభవాన్ని నమ్ముకున్నవారు మొదటి రోజునే దెబ్బ తింటారు.

కారు మీటరు చూపే కిలోమీటరు

పై లెక్కంతా దూరం సరిగ్గా తెలుసన్న నమ్మకం మీద నడిచింది. కానీ నిర్వాహకులు దారిని కొలిచింది వారి కారుతో, మనం వెళ్లేది మన కారుతో. చక్రం చుట్టుకొలతలో తేడా, టైరు అరుగుదల, గాలి ఒత్తిడి, ఎండకు వేడెక్కి ఆ ఒత్తిడి పెరగడం, ఇవన్నీ మీటరు అంకెను కొద్దికొద్దిగా జరుపుతాయి. పల్నాడు ఎండలో పొద్దున్న ఉన్న గాలి మధ్యాహ్నానికి ఉండదని ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

అందుకే పోటీ మొదట్లో ఓడో చెక్ కోసం, అంటే మీటరు సరిచూసుకోవడానికి, కొంత దూరం ఇస్తారు. నిర్వాహకుల 10 కిలోమీటర్లకు మన మీటరు 10.20 చూపిందనుకుందాం. ఆ రెండు శాతాన్ని సరిచేసుకోకుండా వెళ్తే, మన మీటరు మీద 60 పడేసరికి నిజంగా చేరింది 58.82 కిలోమీటర్ల దగ్గరికే. 45 సగటు మీద ఆ తేడా సుమారు 94 సెకన్లు. డ్రైవరు సెకను కూడా తప్పకుండా నడిపినా, నావిగేటరు కూడిక ఎక్కడా తప్పకపోయినా, 94 పాయింట్లు పోతాయి. పంచరై స్టెప్నీ ఎక్కించినప్పుడు దాని కొలతలో తేడా ఉంటే ఈ సవరణ మళ్లీ మొదటికొస్తుంది. ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండని విషయం కూడా ఇదే.

ముందు రావడానికి ఎక్కువ శిక్ష ఎందుకు?

మొదటి కారణం భద్రత. జనం తిరిగే రోడ్డు మీద వేగానికి బహుమతి ఉంటే ఏమవుతుందో మోటారు క్రీడలు చాలా ఖరీదు పెట్టి తెలుసుకున్నాయి. మాస్ గెలిచిన రెండేళ్లకే, 1957లో, మిల్లే మిల్యాలో ఒక కారు అదుపు తప్పి డ్రైవరు, నావిగేటరుతో పాటు తొమ్మిది మంది ప్రేక్షకులను బలిగొంది. ఆ రేసు అంతటితో ఆగిపోయింది. అదే పేరుతో 1977లో మళ్లీ మొదలైనది రేసు కాదు, పాత కార్లతో సాగే సమయపాలన పోటీ. మూసిన స్టేజీల మీద వేగమే కొలమానమైన ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో కూడా, టైమ్ కంట్రోల్‌కు నిమిషం ఆలస్యమైతే 10 సెకన్ల శిక్ష, నిమిషం ముందొస్తే పూర్తి నిమిషం శిక్ష. అంటే ఆరు రెట్లు.

రెండో సంగతి వ్యూహానికి సంబంధించింది, కొత్త జట్లు దీన్ని ఆలస్యంగా గ్రహిస్తాయి. శిక్ష రెండు వైపులా సమానం కానప్పుడు సరిగ్గా సున్నాను గురిపెట్టడం లాభసాటి కాదు. ఒక జంటకు సాధారణంగా ఆరు సెకన్లు అటో ఇటో పోయే అలవాటు ఉందనుకుందాం. సున్నాకు గురిపెట్టి ఒక టీసీలో ఆరు సెకన్లు ముందు, ఇంకోదానిలో ఆరు వెనక వస్తే 12, 6 కలిపి 18 పాయింట్లు. అదే జంట నాలుగు సెకన్లు వెనకగా గురిపెట్టి ఉంటే మొదటి చోట రెండు ముందు, రెండో చోట పది వెనక వస్తుంది. 4, 10 కలిపి 14. చేసిన పొరపాట్లు అవే, పాయింట్లు మాత్రం నాలుగు తగ్గాయి.

ముందొచ్చినట్టు తెలిసింది కదా, టీసీ కనపడగానే ఆగి సమయం గడిపితే సరిపోతుంది కదా అన్న ఆలోచన అందరికీ వస్తుంది. నియమాలు రాసేవారికి అది అందరికంటే ముందే వచ్చింది కాబట్టి, కంట్రోలు కనుచూపు మేరలో ఆగినా నత్తనడక నడిచినా చాలా పోటీల్లో దానికి వేరే శిక్ష ఉంటుంది.

రోజులు పెరిగేకొద్దీ మారే ఆట

ఒక్క రోజు పోటీలో మెరుపు గెలవవచ్చు. మూడు రోజుల పోటీలో సాధారణంగా అది జరగదు, దానికి కారణం తప్పిపోయిన టీసీ. దారి తప్పి ఒక కంట్రోలుకు అసలు వెళ్లకపోతే పడే శిక్ష సెకన్ల లెక్క కాదు, ఒకేసారి పెద్ద మొత్తం. దాన్ని 600 అనుకుందాం. రోజుకు ఎనిమిది చొప్పున మూడు రోజులకు 24 టీసీలు. ఒక జంట ప్రతి చోటా సగటున 12 పాయింట్లు పోగొట్టుకుంటూ, చెప్పుకోదగ్గ ప్రతిభ ఏదీ చూపకుండా ముగిస్తే మొత్తం 288. ఇంకో జంట 23 చోట్ల సగటున 4 పాయింట్లే పోగొట్టుకుని, అంటే మూడు రెట్లు మెరుగ్గా నడిపి, దోర్నాల దగ్గర ఒక్క మలుపు తప్పి ఒక టీసీని వదిలేస్తే మొత్తం 692.

ఆ మలుపు సాధారణంగా మొదటి రోజు తప్పదు. రెండో రోజు భోజనమయ్యాక, మూడో రోజు తెల్లవారుజామున తప్పుతుంది. ఘాట్ రోడ్డు మీద తల దించుకుని అంకెలు చదివే నావిగేటరుకు కడుపులో తిప్పడం మామూలు విషయం. వాంతి వస్తుందేమోనన్న భయంతో తల పైకెత్తిన పది సెకన్లలో వరుస మారిపోతుంది. అందుకే రోజుల పోటీలకు సిద్ధమయ్యే జట్లు వేగం సాధన చేయడం కంటే ఎక్కువగా నిద్ర, నీళ్లు, తేలికపాటి తిండి, కారు ఎక్కే ముందు తినకూడనివి, వీటి మీద శ్రద్ధ పెడతాయి. ఇద్దరూ రెండు పనులూ చేయగలిగి, నియమాలు ఒప్పుకుంటే, సీట్లు మార్చుకోవడం కూడా ఉంది.

రాత్రి విరామం కూడా అనుకున్నంత విరామం కాదు. అనేక పోటీల్లో ఆ రాత్రికి కార్లను పార్క్ ఫెర్మే అనే కాపలా ఉన్న ఆవరణలో వదిలేయాలి, తెల్లవారే వరకు ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. మరమ్మతు ఏదున్నా దానికిచ్చిన సమయంలోనే ముగించాలి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆ సర్వీసు వ్యవధులు ఉదయం 15, మధ్యాహ్నం 40, రాత్రి 45 నిమిషాలుగా స్థిరపడ్డాయి. విజయవాడ ఆటోనగర్ నుంచి వెంట తీసుకెళ్లిన మెకానిక్ ఎంత చేయి తిరిగినవాడైనా, గడియారం చూసుకుంటూ సస్పెన్షన్ విప్పడం వేరే విద్య.

దీర్ఘ పోటీ స్వభావం చెప్పడానికి 1968 నాటి లండన్–సిడ్నీ మారథాన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆ దారి మన దేశంలో ఢిల్లీ మీదుగా బొంబాయి దాకా సాగి, అక్కడి నుంచి కార్లు ఓడలో ఆస్ట్రేలియా చేరాయి. 98 కార్లు బయలుదేరితే 56 ముగించాయి. సిడ్నీ దగ్గరపడే దాకా ఆధిక్యంలో ఉన్న లూసియన్ బియాంకీ జట్టు కారు ఎదురుగా వచ్చిన మరో కారును ఢీకొని పోటీకి దూరమైంది. గెలిచింది హిల్‌మన్ హంటర్ అనే మామూలు కుటుంబ కారు. ఆ కారులో ఆండ్రూ కోవన్, బ్రయన్ కోయల్, కోలిన్ మాల్కిన్ ముగ్గురూ వంతులవారీగా పని చేశారు.

మూడు కార్లు ఒక జట్టు అయితే ఎవరు ఆగాలి?

ఇప్పటిదాకా జట్టు అంటే ఒక కారు. క్లబ్బులు, కంపెనీలు, స్నేహితుల బృందాలు రెండు మూడు కార్లతో జట్టుగా పేరు ఇచ్చినప్పుడు వ్యక్తిగత ఫలితాలతో పాటు జట్టు ఫలితం కూడా ఉంటుంది. అందరి పాయింట్లూ కలపడం ఒక పద్ధతి. మెరుగైన కొందరివే కలపడం ఇంకో పద్ధతి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తయారీ సంస్థలకు మెరుగైన ఇద్దరి ఫలితాలే లెక్కకు వస్తాయి.

మూడింట మెరుగైన రెండు అనే పద్ధతిని తీసుకుందాం. గుంటూరు నుంచి వెళ్లిన జట్టులో మూడో రోజు మధ్యాహ్నానికి మొదటి కారుకు 310, రెండో కారుకు 345, మూడో కారుకు 620 పెనాల్టీ పాయింట్లున్నాయి. పోటీలో ఉన్న ఎదుటి జట్టు మొత్తం 1,150 దగ్గర ముగుస్తుందనుకుందాం. వినుకొండ దగ్గర రెండో కారుకు పంచరైంది. ఒంటరిగా మారిస్తే తొమ్మిది నిమిషాలు, అంటే 540 పాయింట్లు. ఎవరైనా ఆగి చేయి కలిపితే ఐదు నిమిషాలు, అంటే రెండు కార్లకూ చెరో 300.

మొదటి కారు ఆగితే దాని మొత్తం 610, రెండో కారుది 645, మూడో కారుది 620. మెరుగైన రెండూ కలిపితే 1,230. మనసు మంచిదే కానీ జట్టు ఓడిపోయింది. ఎవరూ ఆగకపోతే రెండో కారు 885కు చేరుతుంది, అయినా మొదటి, మూడో కార్లు కలిపి 930తో జట్టు గెలుస్తుంది. మూడో కారు ఆగితే దాని మొత్తం 920 అవుతుంది. మొదటి, రెండో కార్లు కలిపి 955.

930 కంటే 955 ఎక్కువ కనుక ఎవరూ ఆగకపోవడమే మంచిదని కాగితం చెబుతుంది. నాకు మాత్రం మూడో కారు ఆగడమే సరైన నిర్ణయంగా కనిపిస్తుంది, మానవత్వం కోసం కాదు, లెక్క కోసమే. ఆగకుండా పోయిన మూడో కారు సాయంత్రంలోగా ఒక్క టీసీ తప్పితే దాని మొత్తం 1,220. అప్పుడు మొదటి, రెండో కార్లు కలిపి 1,195, జట్టు ఓడినట్టే. మూడో కారు ఆగి ఉంటే ఆ తరువాత దానికి ఏమైనా 955కు ఢోకా లేదు. పాతిక పాయింట్లు చెల్లించి జట్టు కొనుక్కున్న బీమా అది. అయితే మూడో కారులోని ఇద్దరూ వ్యక్తిగత ఫలితం వదులుకోవాలి. పోటీకి ముందే, ఇంట్లో కూర్చున్నప్పుడే, ఈ మాట తేల్చుకోని జట్లలో రోడ్డు పక్కన మొదలైన వాదన బహుమతి ప్రదానం దాకా సాగుతుంది. ఇలాంటి సాయం కూడా కొన్ని నియమావళులలో పోటీ కార్ల మధ్యనే చెల్లుతుంది, బయటి వాహనం నుంచి అందితే శిక్ష పడుతుంది.

అందరి రోడ్డు మీద పోటీ: అభ్యంతరాలు, సమాధానాలు

మోటారు వాహనాల చట్టం 1988లోని 189వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల మధ్య పందేన్ని గానీ వేగ పరీక్షను గానీ అనుమతించడం, అందులో పాల్గొనడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికి మూడు నెలల వరకు జైలు లేదా ₹5,000 వరకు జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు లేదా ₹10,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. టీఎస్‌డీ నిర్వాహకుల వాదన ఏమిటంటే, ఇక్కడ వేగంగా వెళ్లినవారికి శిక్ష పడుతుంది కాబట్టి ఇది వేగ పరీక్షే కాదు. ఇచ్చే సగటులు వేగ పరిమితులకు చాలా దిగువన ఉంటాయి. ఊళ్ల గుండా వెళ్లే భాగాల్లో సమయం లెక్కించని ఏర్పాటు చేస్తారు. జీపీఎస్ పెట్టి పరిమితి దాటినవారికి పెనాల్టీ పాయింట్లు వేస్తారు.

విమర్శకుల మాటలోనూ బలముంది. సగటు 45 అంటే ఎప్పుడూ 45లోనే వెళ్తారని కాదు. కృష్ణా డెల్టాలో వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున వరసగా రాళ్లు పేర్చి ఉంటాయి. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆగాల్సిందే. సీజనులో గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలతో వచ్చే లారీల వెనకా అంతే. అలా పోయిన రెండు నిమిషాలను పూడ్చుకోవడానికి తరువాత దొరికిన ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కాలనిపించడం సహజం, పాత ఆలస్యం వెంటవచ్చే పద్ధతి ఆ తొందరను ఇంకా పెంచుతుంది. ఆ ధాన్యం రైతు ఏడాది కష్టం కాబట్టి, ఈ వినోదానికి ఆయన జాగ్రత్త పడాలనడం న్యాయం కాదు. సగటును మరీ తగ్గిస్తే పోటీలో పస పోతుంది, పెంచితే ప్రమాదం పెరుగుతుంది. మంచి నిర్వాహకుల నేర్పంతా ఈ రెంటి మధ్య సందులోనే ఉంటుంది.

రోడ్డు మూసేస్తే సమస్య తీరుతుందా? పూర్తిగా తీరదు. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ స్టేజీ జరుగుతుండగా, మూసిన దారి మీదికి వచ్చిన మోటార్‌సైకిల్‌ను పోటీ కారు ఢీకొని ముగ్గురు చనిపోయారు. పల్లెల మధ్య నుంచి పోయే దారిని మూయడమంటే ప్రతి పొలం గట్టు దగ్గరా ఒక మనిషిని నిలబెట్టడం.

సమ న్యాయం గురించి మరో వాదన ఉంది. రైల్వే గేటు పడి 14వ కారు ఆగిపోయింది, 13వ కారు అంతకు ముందే దాటేసింది. కొన్ని పోటీల్లో అలా పోయిన సమయాన్ని ఫారం మీద రాసి ఇస్తే మినహాయిస్తారు, మరికొన్నింటిలో అది మీ అదృష్టం అంటారు. మినహాయింపు ఉండాలన్నవారిది న్యాయమైన కోరిక. వద్దన్నవారు, గేటుకు మినహాయిస్తే గేదెల మందకు ఎందుకు ఇవ్వరని అడుగుతారు, దానికి సూటిగా జవాబు చెప్పడం కష్టం. నల్లమల దారుల్లో రాత్రిపూట మూసే అటవీ చెక్‌పోస్టులకు మాత్రం ఈ చిక్కు లేదు. వాటి వేళలు ముందే తెలుసు కనుక శ్రీశైలం వైపు సెక్షన్లను పగటిపూటే పెట్టుకోవాలి.

పెన్సిలా, యాపా?

ఫోన్‌లో ఒక యాప్ జీపీఎస్ దూరాన్ని తీసుకుని, ఎన్ని సెకన్లు ముందున్నారో వెనకున్నారో ఎప్పటికప్పుడు చూపిస్తుంటే నావిగేటరుకు ఇక పనేముందని పాతవారు అంటారు. కొత్తవారి జవాబు, యంత్రం కూడిక చేస్తుంది కానీ రోడ్ బుక్‌లో దారి చదవదు, తప్పు మలుపు తిరిగితే తప్పు దూరాన్నే చక్కగా లెక్కగట్టి చూపిస్తుంది అని. ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఎక్కువమంది నిర్వాహకులు పరికరాలు వాడేవారికీ వాడనివారికీ వేరు వేరు తరగతులు పెట్టి గొడవ సద్దుమణిగించారు.

ఫలితాల పట్టిక మీద చివరి గంట

చివరి రోజు సాయంత్రం గోడకు అంటించేది తాత్కాలిక ఫలితమే. ఎఫ్‌ఐఏ నియమాల ప్రకారం సాధారణంగా అది ప్రకటించిన 30 నిమిషాల్లోగా, నిర్ణీత రుసుముతో, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. పాయింట్లు సమానమైతే సున్నా పెనాల్టీతో దాటిన టీసీలు ఎవరికి ఎక్కువున్నాయో చూడడం వంటి పద్ధతులను నియమావళిలో ముందే రాసి ఉంచుతారు.

టైమ్ కార్డు మీద మార్షల్ రాసిన అంకె సరిగ్గా ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవాల్సిన బాధ్యత పోటీదారులదే. అందుకే ఆరితేరిన నావిగేటర్లు ప్రతి టీసీలో తమ గడియారం చూపిన సమయాన్ని రోడ్ బుక్ అంచున రాసుకుంటారు. పట్టిక గోడకెక్కగానే మిగిలినవారు ఫొటోలు దిగుతుంటే, వారు ఆ అంచును, పట్టికలోని 24 గడులను పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. ఒక గడిలో 43వ నిమిషానికి బదులు 48 పడిందని తేలితే 300 పాయింట్లు వెనక్కి రావచ్చు, అభ్యంతర పత్రం ఆ అరగంటలోగా బల్ల మీదికి చేరితేనే.